మున్నీని పిలిస్తే చిన్నీ కూడా వస్తోంది అన్న చెల్లికి

పర్లాకిమిడి నుంచి ఒక చెల్లి రాసిన ఉత్తరం ఇది, పెద్దది కాబట్టి కాస్త కుదించి పెడుతున్నా.

"అక్కా, మా సందులో ఒక వీధికుక్క పాత పశువులశాలలో ఈనింది. పిల్లలకి నెలన్నర ఉన్నప్పుడు తల్లిని లారీ గుద్దేసింది. మిగిలిన రెండు ఆడపిల్లల్నీ మేమే తెచ్చుకున్నాం. ఇప్పుడు మూడున్నర నెలలు. పేర్లు మున్నీ, చిన్నీ. ఒకే గోనెసంచి మీద పడుకుంటాయి, ఒకే పళ్ళెంలో తింటాయి. మొన్న మున్నీకి మోషన్లు అయితే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాం, ఆ గంటసేపూ చిన్నీ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఒకదాన్ని పిలిస్తే రెండూ వస్తాయి, లేకపోతే రెండూ రావు. ఇల్లంతా పాస్. వారం నుంచి పళ్ళెం దగ్గర గుర్రుమంటున్నాయి. సూది ఒక్కటే వేయించాం. మా అత్తగారేమో 'రెండుంటే ఒకదానికొకటి తోడు, నీకేటి పని, ఊరుకో' అంటారు. మా ఆయన ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం అంటారు. ఐదో క్లాసు పాప, రెండో క్లాసు బాబు, ఇద్దరూ ఇవ్వనివ్వరు. నన్నేం చెయ్యమంటావు?"

చెల్లీ, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి రాశావు కాబట్టి నేనూ గ్రాంథికం జోలికి పోకుండా నోటికొచ్చినట్టే రాసేస్తాను, నువ్వు అక్కా అన్నావు గనక నేనూ నువ్వు అనే అనేస్తున్నా.

ముందు మీ అత్తగారి మాట. ఆవిడ అబద్ధం చెప్పలేదు, తోడుంటాయి, నిజమే. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ తోడు ఎంత చిక్కబడిపోతుందంటే ఇంట్లో మనుషులు వాటికి అన్నం గిన్నె తెచ్చిపెట్టేవాళ్ళు తప్ప ఇంకేమీ కారు, ఆడుకోడానికి, భయమేస్తే దాక్కోడానికి, ఏం చెయ్యాలో చూసి నేర్చుకోడానికి అన్నిటికీ పక్కనే ఇంకో కుక్క ఉంది, నీ మొహం చూడాల్సిన అవసరమేముంది. ట్రైనర్లు దీన్ని లిట్టర్‌మేట్ సిండ్రోమ్ అంటారు. అదేదో జబ్బు పేరు అనుకోకు, డాక్టర్ చీటీ మీద రాసిచ్చేది కాదు, ఒక ఈత పిల్లల్నో ఒకే వయసున్న రెండు పిల్లల్నో ఎప్పుడూ కలిపే ఉంచి పెంచితే వచ్చే తంటాలకి పెట్టిన పేరు అంతే. అక్కాచెల్లెళ్ళే కానక్కర్లేదు, వేరే వేరే ఇళ్ళ నుంచి ఒకే నెలలో తెచ్చినా ఇదే కథ. అందరికీ వస్తుందనీ లేదు, కొన్ని జతలు హాయిగా పెరిగిపోతాయి, కానీ నువ్వు రాసినవి చూస్తే, అంటే విడదీస్తే ఏడుపు, పిలిస్తే రాకపోవడం, ఇప్పుడు గుర్రు, నీ ఇంట్లో మొదలైనట్టే ఉంది. మొదట్లోనే ఉంది కాబట్టి భయపడకు.

నా సంగతి చెప్తాను. బరంపురంలో మా ఇంట్లో రాకీ, టైగర్ అని అన్నదమ్ములు ఉండేవి. వాకింగ్ కలిపి, స్నానం కలిపి, అన్నం కలిపి, చూసినవాళ్ళు రామలక్ష్మణులు అనేవాళ్ళు, నేను పొంగిపోయేదాన్ని. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తుందా, పర్లాకిమిడిలో మీకూ గుర్తుండే ఉంటుంది. కరెంటు పోయింది, గాలి కిటికీ రెక్కల్ని పీకేస్తోంది, నేను టార్చి పట్టుకుని మంచం కింద చూస్తే రెండూ గోడకి అతుక్కుపోయి వణుకుతున్నాయి. "రాకీ, రారా నాన్నా" అని చెయ్యి చాపాను. రాకీ టైగర్ మొహం చూసింది. "టైగర్" అన్నాను. అది రాకీ మొహం చూసింది. ఒక్కటంటే ఒక్కటి నా వైపు తల తిప్పలేదు. ఎనిమిది నెలలు చేత్తో తినిపించిన దాన్ని నేను, ఆ రాత్రి వాటికి ఎవరో ముక్కూమొహం తెలీని మనిషిని. అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవాల్సింది, తుఫాను హడావుడిలో మర్చిపోయాను. ఏడాది దాటాక గేటు దగ్గర పేపరబ్బాయిని చూసి రెండూ కలిసి మొరుగుతూ మొరుగుతూ ఒక్కసారి ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఎందుకో ఇప్పటికీ తెలీదు. రాకీ చెవి చీలింది. ఆ తర్వాత నెలలో మూడుసార్లు. చివరికి టైగర్‌ని ఇచ్ఛాపురంలో మా చెల్లెలింటికి పంపాం, ఇక్కడ రాకీ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అంత గొడవపడిన కుక్కే, అది లేకపోతే గుమ్మం దగ్గర కూర్చుని రోడ్డు చూసేది.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. నీ దగ్గర ఉన్నది ఒక జత కాదు, రెండు వేరే వేరే కుక్కలు, ఒక్కోదానికీ రోజులో కొంతసేపు రెండోది లేకుండా నీతో గడవాలి. మిగతావన్నీ దీని వెనకాలే వస్తాయి.

ఇవాళ రాత్రి నుంచే మొదలుపెట్టు, పళ్ళెంతో. రెండు గిన్నెలు, రెండు గదులు. గదులు లేకపోతే ఒకటి వంటింట్లో, ఒకటి వీధి అరుగు మీద, మధ్యలో తలుపు. పదిహేను నిమిషాలు చూసి తిన్నా తినకపోయినా గిన్నె తీసెయ్యి, ఖాళీ గిన్నె నేల మీద వదలకు, ఖాళీ గిన్నె కోసం కూడా కొట్టుకుంటాయి. వారం నుంచి గుర్రు అన్నావు కదా, గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు. గుర్రు అంటే "దూరంగా జరుగు" అని మర్యాదగా చెప్పడం. కొట్టికొట్టి అది మాన్పిస్తే రేపు చెప్పకుండా నేరుగా కరుస్తుంది. ఇద్దరికీ ఒకేలా ఉండాలని బొమ్మలు, ఎముకలు కలిపి మధ్యలో పడేస్తారు చాలామంది, అదీ వద్దు, నమిలేవి ఏమిచ్చినా విడివిడిగా ఉన్నప్పుడే ఇవ్వు. ఇంకో నెలలో పాలపళ్ళు ఊడటం మొదలవుతుంది, 28 ఊడి 42 వస్తాయి, ఆ దురదకి చెప్పులు, కుర్చీ కాళ్ళు, మీ బాబు స్కూల్ బ్యాగు, ఏదీ మిగలదు. పాత తువ్వాలు ముడివేసి తడిపి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తే కాస్త చల్లగా ఉంటుంది.

తినేదాంట్లో మీ అత్తగారికి ఒక్క మాట చెప్పు, అన్నం, పెరుగు, ఉప్పుకారం లేకుండా ఉడకబెట్టిన కోడి, గుడ్డు ఇవన్నీ బాగానే ఉంటాయి, కానీ పులుసు కలిపిన అన్నం వద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి వాటి రక్తాన్ని పాడుచేస్తాయి. పక్కింటి ఒడియావాళ్ళు పొఖాళొ, అంటే నీళ్ళలో నానిన చద్దన్నం, మిగిలిందని ప్రేమగా తెచ్చినా అందులో ఉల్లిపాయ ఉందేమో చూసుకో. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పిల్లల చేతుల్లోంచి కింద పడతాయి, అవీ ప్రమాదమే.

ఇక విడదీయడం. ఇది ఒక్కరోజులో చేసే పని కాదు, ఆ గంటసేపు ఏడుపు వచ్చింది కూడా అందుకే, అంతకుముందు ఒక్క నిమిషం కూడా విడిగా ఉండలేదు కదా, దానికి ప్రపంచం మునిగిపోయినట్టు అయ్యింది. చిన్నీని వరండాలో ఉంచి గుమ్మానికి అడ్డంగా ఒక చెక్క పెట్టు, రెండూ ఒకదాన్నొకటి చూసుకోవచ్చు కానీ తాకలేవు. చిన్నీ ముందు ఒక పళ్ళేనికి పెరుగన్నం పల్చగా రాసి పెట్టు, నాకడానికి టైం పట్టాలి, ముద్దగా పెడితే రెండు గుటకల్లో అయిపోతుంది. అది నాకుతుండగానే మున్నీని పక్క గదిలోకి తీసుకెళ్ళి పది లెక్కపెట్టి తీసుకొచ్చెయ్యి. పళ్ళెం ఇంకా ఖాళీ కాకముందే రెండోది తిరిగి వచ్చేసింది, అదీ కిటుకు. రేపు ముప్పై లెక్క, ఎల్లుండి నిమిషం, ఏడ్చిందంటే నువ్వు తొందరపడ్డావని అర్థం, మళ్ళీ పదికి వెళ్ళు. రోజుకి ఐదారుసార్లు చేస్తే రెండు మూడు వారాల్లో అరగంటకి వస్తుంది. ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుందిలే అని వదిలేసే పద్ధతి నాకు నచ్చదు, చాలాసార్లు అది ఊరుకోదు, ఏడవడంలో ఆరితేరుతుంది.

పడుకోవడం కూడా అంతే. రెండు గోనెలు, మొదట పక్కపక్కనే, రోజుకో జానెడు దూరం. క్రేట్లు, అంటే కుక్క పడుకునే పెట్టెలు, కొనగలిగితే మంచిదే, లేకపోతే రెండు అట్టపెట్టెల్ని పక్కకి పడుకోబెట్టినా ఈ వయసుకి సరిపోతుంది. గొలుసుతో కట్టేసి వదిలెయ్యడం మాత్రం వద్దు, నువ్వు దగ్గర లేనప్పుడు అసలు వద్దు.

పేర్ల సంగతికి వస్తే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకు. మున్నీ, చిన్నీ అని రెండూ ఒకేలా మోగుతుంటే ఏది ఎవరిదో వాటికెలా తెలుస్తుంది చెప్పు, "న్నీ" వినిపించగానే రెండూ లేస్తాయి. ఒకదాని పేరు మార్చెయ్యి, మూడున్నర నెలలకి పేరు మారిస్తే వాటికేం పట్టింపు ఉండదు, వారంలో అలవాటైపోతుంది. చిన్నీ అలాగే ఉంచి రెండోదాన్ని లడ్డూ అనో, గౌరి అనో, పిల్లల్నే పెట్టమను. పేరు నేర్పేది కూడా విడిగా ఉన్నప్పుడే, పేరు పిలువు, అది నీ మొహం చూసిన క్షణంలోనే చిన్న కోడిముక్క నోట్లో పెట్టు. తిట్టడానికి మాత్రం ఆ పేరు వాడకు.

మన ఆంధ్రా-ఒడిశా బోర్డర్ ఇళ్ళలో ఇంకో గొడవ ఉంది, హైదరాబాదులో కూర్చుని సలహాలు చెప్పేవాళ్ళకి ఇది తెలీదు. మీ అత్తగారు "కూకో" అంటారు, నువ్వు "కూర్చో" అంటావు, పాప ఇంగ్లీష్ మీడియం కాబట్టి "సిట్" అంటుంది, అంట్లు తోమడానికి వచ్చే ఆవిడ "బొస్" అంటుంది. అది కుక్కపిల్లమ్మా, నాలుగు భాషల పండితురాలు కాదు. మా ఎదురింటి ఒడియావాళ్ళు వాళ్ళ కుక్కపిల్లకి "ఆ, ఆ" అని పిలిచి రావడం నేర్పారు, ఒడియాలో ఆ అంటే రా అని కదా. నేను గేటు దగ్గర నిలబడి ఫోన్‌లో మా అమ్మతో "ఆ... ఆ... ఆ అమ్మా, వింటున్నా" అంటుంటే అది రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చునేది, ఫోన్ ఐదు నిమిషాలైతే ఐదు నిమిషాలూ తోకాడిస్తూ బిస్కెట్ కోసం చూసేది. అందుకని ఒక కాగితం మీద ఐదే మాటలు రాసి ఫ్రిజ్ మీద అంటించు, రా, కూర్చో, ఆగు, వదులు, బయటికి. ఏ భాషైనా సరే, ఇంట్లో అందరూ అవే అనాలి. మీ అత్తగారి కూకో అందరికీ నచ్చితే అదే పెట్టుకోండి, కుక్కకి అభ్యంతరం లేదు, ఆవిడకీ సంతోషం.

ట్రైనింగ్ అంటే గంటలు గంటలు కాదు. మూడు నిమిషాలు, ఎక్కువంటే ఐదు, రోజుకి మూడు నాలుగుసార్లు, ఒక్కోదానికి విడిగా. ఒకటి పెరట్లో మీ ఆయనతో తిరుగుతుంటే రెండోది నీతో వంటింట్లో, సాయంత్రం తారుమారు. పదిసార్లు చెప్తే ఎనిమిదిసార్లు చేస్తోంది అనిపించేదాకా రెండింటినీ కలిపి నేర్పకు. కలిపాక ముందు పేరు, తర్వాత మాట, "చిన్నీ, కూర్చో". రెండోది ఊరికే నిలబడి చూస్తే దానికీ ఒక ముక్క, ఆగినందుకు. కలిపి ఆడుకోనివ్వు, మానెయ్యమని నేననను, కానీ ఒకటే ఎప్పుడూ కింద పడి రెండోది ఎప్పుడూ పైనుంటే మధ్యలో పిలిచి విడదియ్యి. నీ ఉత్తరం బట్టి మున్నీ ధైర్యం, చిన్నీ పిరికి అనిపిస్తోంది, పిరికిదానికి విడిగా బయటి లోకం చూపించడం ఇంకా ముఖ్యం, లేకపోతే అది జీవితాంతం అక్క వెనకాల నక్కే ఉంటుంది.

పిల్లల విషయం. "ఇది నాది, అది నీది" అని పంచుకుని ఉంటారు, నాకు తెలుసు. వద్దు. రెండు కుక్కలూ ఇంట్లో అందరితోనూ మెలగాలి, ఈ వారం పాప చిన్నీకి అన్నం పెడితే వచ్చే వారం మున్నీకి. రెండో క్లాసు బాబుని మాత్రం రెండింటి మధ్యా ఒంటరిగా వదలకు.

పాస్ గొడవ. రెండుంటే ఎవరు పోశారో తెలీదు, తిట్లు ఇద్దరికీ, నేర్చుకోవడం ఎవరికీ లేదు. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట అయ్యాక, ఒక్కోదాన్ని విడిగా పెరట్లో ఒకే చోటికి తీసుకెళ్ళి నిలబడు, పోస్తే అక్కడే అప్పుడే మెచ్చుకుని ముక్క పెట్టు. మూడు నెలల పిల్ల పగలు మూడు నాలుగు గంటలకి మించి ఆపుకోలేదు, ఆడుతుంటే అరగంట కూడా ఆగదు. ఇంట్లో పోసిన చోట వెనిగర్ నీళ్ళతో తుడువు, ఆ వాసన ఉంటే మళ్ళీ అక్కడికే వస్తాయి. ముక్కు పట్టి దాంట్లో రాయడం మా తాతల కాలం పని, దాంతో నేర్చుకునేది ఒక్కటే, నువ్వు చూడనప్పుడు మంచం కింద పొయ్యాలని.

బయటికి తీసుకెళ్ళడం గురించి. కుక్కపిల్లలు కొత్తవాటిని భయం లేకుండా తీసుకునే వయసు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా అంటారు, మీవి ఆ గుమ్మం దాటేస్తున్నాయి, ఇక రోజులు పోనివ్వకు. అలాగని సూదులు పూర్తికాకుండా వీధికుక్కలు తిరిగే చోట కింద దించకు, వాంతులు, రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికుంటుంది, ఆ జబ్బు వస్తే రెండింటికీ వస్తుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణాలే పోవచ్చు. చంకలో ఎత్తుకుని తిప్పు, ఒకరోజు చిన్నీ, ఒకరోజు మున్నీ. స్టేషన్‌కి వెళ్ళి గుణుపూర్ రైలు కూత విననీ, బజారులో సైకిలు బెల్లులు, గొడుగులు, టోపీ పెట్టుకున్నవాళ్ళు, గడ్డమున్నవాళ్ళు అందర్నీ చూడనీ. కోర్సు పూర్తయి డాక్టర్ సరే అన్నాక పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డుకి నడిపించు, అప్పుడు కూడా వారంలో ఎక్కువ రోజులు విడివిడిగానే.

సూదులు ఒక్కటే వేయించాం అన్నావు, అది నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది. పార్వోకీ, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బుకీ కలిపి ఉండే సూది మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా వెయ్యాలి, నులిపురుగుల మందు కూడా అడుగు. రేబిస్ సూది మూడు నెలలు నిండాక వేస్తారు, మీవాటికి వేయించే టైం వచ్చేసింది. తల్లి వీధికుక్క, దానికి సూదులు ఉన్నాయో లేదో ఎవరికీ తెలీదు, కాబట్టి ఆటలో మీ పాపకో బాబుకో వాటి పన్ను గీరుకుని రక్తం వచ్చినా చిన్నదేలే అనుకోకు, పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళు. పసుపు, కారం, సున్నం ఏవీ రాయొద్దు, మన వైపు ఇంకా రాస్తున్నారు.

ఇంకొకటి, రెండూ ఆడవి. ఆరు నెలల నుంచి ఏడాది లోపల మొదటిసారి ఎదకి వస్తాయి, అప్పుడు పర్లాకిమిడిలో ఉన్న మగకుక్కలన్నీ మీ గేటు ముందే. కడుపైతే రెండు నెలల్లో ఈనుతుంది, రెండూ ఈనితే ఇల్లు ఏమవుతుందో ఊహించుకో. ఆరో నెలలో ఆపరేషన్ గురించి డాక్టర్‌ని అడుగు. దాంతో కొట్టుకోవడం ఆగిపోతుందని మాత్రం నమ్మకు, ఆడ ఆడ మధ్య గొడవలు మొదలైతే మగవాటి కంటే మొండివి అని ట్రైనర్లు అంటారు, ఏడాది నుంచి రెండేళ్ళ మధ్యలో జాగ్రత్త. ఎప్పుడైనా నిజంగా కరుచుకుంటే మధ్యలో చెయ్యి పెట్టకు, నా కుడిచెయ్యి బొటనవేలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. బకెట్ నీళ్ళు పొయ్యి, లేదా మధ్యలోకి కుర్చీ తొయ్యి.

మీ ఆయన మాట ఆఖరికి ఉంచాను. ఒకదాన్ని ఇచ్చెయ్యడం తప్పు కాదు చెల్లీ, పిల్లలు ఏడుస్తారని భయపడి ఉంచుకుని తర్వాత ఏడాదికి ఇవ్వడమే కష్టం, నేను చేసింది అదే. నిజాయితీగా లెక్క వేసుకో, ఒక్కో కుక్కకి విడిగా రోజుకి గంట, మీ ఇద్దరిలో ఎవరో ఒకరు, ఏడాదిపాటు. కుదురుతుందా? కుదిరితే ఉంచు, రెండు కుక్కలున్న ఇల్లు ఎంత బావుంటుందో నాకూ తెలుసు. కుదరదంటే ఈ నెలలోనే తెలిసినవాళ్ళింట్లో మంచి చోటు చూడు, ఈ వయసులో అవి కొత్త ఇంటికి తొందరగా అలవాటు పడతాయి. నీ ఉత్తరంలో అందరి మాటలూ రాశావు గానీ నీకు ఏ కుక్క అంటే ఎక్కువ ఇష్టమో రాయలేదు, అంటే రెండూ ఇష్టమే అనుకుంటున్నా.

ఈ వారంలో సూదికి వెళ్ళేటప్పుడు మున్నీని ఒకరోజు, చిన్నీని ఇంకోరోజు తీసుకెళ్ళు. ఇంట్లో ఉండిపోయిన దానికి ఆ గంటసేపు పెరుగన్నం పళ్ళెం పట్టుకుని కూర్చోవాల్సింది మీ అత్తగారు. నేను చెప్పానని చెప్పకు, "నువ్వు దగ్గరుంటేనే ఊరుకుంటోంది అత్తా" అని చెప్పు, ఆవిడ కాదనరు.